పాత రాళ్లు తెచ్చి కట్టిన గోడలకు ఈ చిన్న లెన్సు చాలు: కానన్ 24 ఎంఎం, వరంగల్ కోటలో వాడాక నా రివ్యూ

కానన్ ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం కొత్త లెన్సేం కాదు, 2014లో వచ్చింది. దీని మీద రివ్యూలకు నెట్‌లో కొదవ లేదు గానీ వాటిలో ఎక్కువ భాగం వీధులు, తిండి, పిల్లల పుట్టినరోజులు. నేను దీన్ని వేరే పనికి వాడుతున్నాను. ఒక కట్టడం కూలాకో, కూల్చాకో దాని రాళ్లు, దూలాలు, తలుపులు పట్టుకెళ్లి ఇంకో చోట కట్టినవి మన వరంగల్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటిని ఫొటో తీయడమంటే నాకు ప్రాణం. ఆ పనికి బ్యాగులో ఒక్క లెన్సే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను. ఎందుకో కాస్త వివరంగా రాయాలనిపించింది. కోటకు కెమెరాలతో వచ్చే కుర్రాళ్లలో చాలామంది పెద్ద పెద్ద జూమ్‌లు తెచ్చి, తోరణం ముందు నాలుగు క్లిక్కులు కొట్టి, నిజంగా ఆగి చూడాల్సిన గోడల పక్క నుంచే బండి మీద వెళ్లిపోతున్నారు.

ముందు ఈ రకం ఫొటోకు ఏం కావాలో చెప్తాను, లేకపోతే లెన్సు గురించి ఏం చెప్పినా గాల్లో మాటే అవుతుంది. గుళ్లో ఉన్న శిల్పాన్ని తీసేటప్పుడు చుట్టూ ఉన్నదాన్ని మసక చేసి శిల్పాన్ని ఒక్కదాన్నే నిలబెడితే సరిపోతుంది. అదే శిల్పం ఉన్న రాయి ఎవరో తీసుకొచ్చి కోట గోడలో పేర్చినదైతే, ఆ పద్ధతి ఫొటోను చంపేస్తుంది. అక్కడ కథంతా రాయిలో లేదు, రాయికీ పక్క రాయికీ మధ్య అతుకులో ఉంది. పువ్వు చెక్కిన పలక తలకిందులుగా ఎందుకు ఉంది, దాని పక్కన మోటు గ్రానైట్ బండ ఎలా వచ్చి కూర్చుంది, సందులో కూరిన చిప్పరాళ్లు ఏవి, ఇవన్నీ ఒకే ఫ్రేములో కనపడాలి. అంటే లెన్సు బాగా దగ్గరికి వెళ్లగలగాలి, దగ్గరికి వెళ్లాక కూడా చుట్టుపక్కల గోడను వదిలేయకూడదు. ఈ రెండూ ఒక్కచోట ఉన్న లెన్సులు తక్కువ ధరలో పెద్దగా లేవు.

ఈ 24 ఎంఎం లెన్సు, కెమెరా లోపలి సెన్సార్ నుంచి 16 సెంటీమీటర్ల దూరం వరకు ఫోకస్ పట్టుకుంటుంది. ఇందులో కెమెరా బాడీ లోపలి దూరం, లెన్సు మందం కూడా కలిసే ఉన్నాయి కాబట్టి, నిజానికి లెన్సు ముందు అద్దానికీ రాయికీ మధ్య మిగిలేది బెత్తెడు దూరమే. అంత దగ్గరికి వెళ్తే 1.6 క్రాప్ బాడీలో (సెన్సార్ కాస్త చిన్నదైన కెమెరాలో) ఫ్రేము అడ్డంగా దాదాపు 8 సెంటీమీటర్ల రాయిని చూపిస్తుంది, ఉలి దెబ్బలు లెక్కపెట్టుకోవచ్చు. అదే లెన్సుతో పన్నెండు మీటర్లు వెనక్కి నడిస్తే పదకొండు మీటర్ల వెడల్పు గోడ ఫ్రేములోకి వస్తుంది. మధ్యలో లెన్సు మార్చే పని లేదు, దుమ్ము భయం లేదు. చూపు కోణం మారదు కాబట్టి దూరం ఫొటో, దగ్గర ఫొటో పక్కపక్కన పెడితే ఒకే మనిషి నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్లినట్టు ఉంటుంది. బరువు 125 గ్రాములు, మందం 22.8 మిల్లీమీటర్లు. మెడలో కెమెరా ఉందన్న సంగతే మర్చిపోతాం, ఎండాకాలం కోటలో తిరిగేవాళ్లకు అది చిన్న సుఖం కాదు.

ఇక కోట సంగతి. వరంగల్ స్టేషన్ నుంచి ఆటో ఎక్కితే మట్టికోట కట్ట దాటాక రాతికోట వస్తుంది, కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిందని చెప్పే గోడ. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ప్రతాపరుద్రుడి రాజ్యం పడిపోయాక ఈ కోట చాలా చేతులు మారింది. ఎవరి చేతిలోకి వచ్చినా గుమ్మాలను బలపరిచారు, కూలిన చోట మళ్లీ కట్టారు, అలా కట్టడానికి దగ్గర్లో దొరికిన రాయినే వాడారు. నడిమధ్య ఉన్న స్వయంభూ శివాలయం అప్పటికే నేలమట్టం. దాని నాలుగు దిక్కుల తోరణాలు మాత్రం నిలబడ్డాయి, ఇప్పుడు రాష్ట్ర చిహ్నంలో చూస్తున్నది ఆ తోరణాన్నే. అందరి కెమెరాలూ అటే తిరుగుతాయి, తిరగాలి కూడా. కానీ గుడి రాళ్లు చెదిరి ఎక్కడెక్కడికి వెళ్లాయో చూడాలంటే గుమ్మాల దగ్గరికి రావాలి.

రాతికోట గుమ్మాల్లోకి దారి నేరుగా పోదు. ముందు ఒక మలుపు, ఆ మలుపుకు రెండు పక్కలా ఎత్తైన గోడలు. శత్రువు ఏనుగులను వేగంగా లోపలికి తోలకుండా అలా కట్టారు. ఫొటో తీసేవాడికి ఆ మలుపే చిక్కు, ఎందుకంటే వెనక్కి జరగడానికి చోటుండదు, జరిగితే వీపు అవతలి గోడకు తగులుతుంది, పైగా ఊర్లోకి పోయే బండ్లు ట్రాక్టర్లు అదే దారిన వస్తుంటాయి. 50 ఎంఎం లెన్సుతో అక్కడ నాలుగు రాళ్ల కంటే ఎక్కువ పట్టవు. ఇది ఆ మలుపులో హాయిగా పనిచేస్తుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్సును 18 దగ్గర పెడితే ఇంకా ఎక్కువ గోడ వస్తుంది, నిజమే, కానీ అంత వెడల్పులో అంచుల్లో రాళ్లు సాగినట్టు అవుతాయి. రాయి కొలతే ముఖ్యమైన చోట అది నాకు నచ్చదు.

అలాంటి మలుపులో నాకు బాగా ఇష్టమైన రాయి ఒకటుంది. సానపట్టినట్టు నునుపైన నల్లరాతి స్తంభం ముక్క, గుండ్రంగా తిప్పి గీతలు తీసినది. నిలబడి ఉన్నప్పుడు ఆ గీతలు స్తంభం నడుముకు మొలతాడు చుట్టినట్టు అడ్డంగా ఉండాల్సింది. గోడలో దాన్ని పడుకోబెట్టారు కాబట్టి ఇప్పుడు నిలువుగా ఉన్నాయి. మీది రాయి వచ్చి కూర్చోడానికి తొలిచిన చదరపు గుంట ఒక కొసన బయటికి చూస్తోంది, ఖాళీగా, అందులో ఇప్పుడు ఎర్రమట్టి, ఎండిన గడ్డి. దాని పక్కన బూడిదరంగు గ్రానైట్ బండ, ముఖం కూడా సరిగ్గా చెక్కలేదు. స్తంభం గుండ్రానికి బండ చదరానికి పొత్తు కుదరక మధ్యలో ముక్కోణం సందు మిగిలితే అక్కడ చిప్పరాళ్లు బిగించారు. బిగించినవాడు మంచి పనిమంతుడు, ఇప్పటికీ కదల్లేదు. ఈ లెన్సును గుంట అంచున పెట్టి ఎఫ్/8లో, అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి తీస్తే నల్లరాయి మీది గీత, గ్రానైట్ గరుకు, మధ్యలో చిప్పరాయి మూడూ స్పష్టంగా వచ్చాయి, వెనక గోడ ఎంత పొడుగుందో కూడా తెలుస్తోంది. జూమ్‌తో దూరం నుంచి తీస్తే ఈ ఫొటో రాదు. రాయి వస్తుంది, గోడ పోతుంది.

అది తీస్తుంటే పడమర కోట వైపు మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, "ఏం జూస్తున్నవ్ బిడ్డా, గా బండల?" అని అడిగాడు. గుడి కంబం అడ్డం పెట్టారు తాతా అని చూపిస్తే ఆయన చేత్తో తడిమి చూసి, తన చిన్నప్పటి నుంచి ఈ దారినే పోతున్నా ఇది కంబమని అనుకోలేదన్నాడు. ఆ తర్వాత తనే ముందు నడిచి, తీగలు కమ్మిన ఒక చోట పద్మం చెక్కిన పలక తలకిందులుగా ఉంటే చూపించాడు. కోటలోకి పోయేవాళ్లకు నా సలహా, అక్కడి మనుషులతో మాట్లాడండి. తూర్పు కోట, మధ్య కోట, పడమర కోట అని కోట లోపల ఊరు బతికే ఉంది, ఏ మూల ఏ రాయి ఉందో వాళ్లకు తెలిసినంత ఏ బోర్డు మీదా ఉండదు.

వెలుతురు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఈ పనిలో లెన్సు కంటే అదే పెద్దది. మధ్యాహ్నం ఎండలో గ్రానైట్ తెల్లగా పేలిపోతుంది, పక్కనే సానపట్టిన నల్లరాయి ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది, ఏ కెమెరా అయినా అక్కడ తికమక పడుతుంది. రెండు పనులు చేయండి. ఒకటి, గోడ ఎటు తిరిగి ఉందో చూసుకుని ఎండ పక్కవాటుగా గోడను రాసుకుంటూ పోయే వేళకు వెళ్లండి. తూర్పుకు తిరిగిన గోడకు పొద్దు బాగా ఎక్కాక, పడమరకు తిరిగినదానికి మధ్యాహ్నం దాటిన కాసేపటికి, అంటే ఎండ నేరుగా ముఖాన కొట్టేటప్పుడు కాదు, గోడను రాసుకుంటూ పోయేటప్పుడే. అరిగిపోయిన చెక్కడం కూడా ఆ వేళకు పైకి లేస్తుంది, ఎండ నేరుగా ముఖాన పడితే అదే రాయి బోసిగా ఉంటుంది. రెండోది, 52 ఎంఎం పోలరైజర్ ఒకటి కొనుక్కోండి, ఈ లెన్సు ఫిల్టర్ సైజు అదే, పెద్ద సైజుల కంటే చవక. నల్లరాయి మీది మెరుపు దాంతో చాలా వరకు తగ్గుతుంది. తిప్పి తిప్పి చూడండి, మొత్తం తీసేయకండి, కాస్త మెరుపు ఉంటేనే అది సానపట్టిన రాయి అని చూసేవాళ్లకు తెలుస్తుంది. కెమెరా ఏమీ దిద్దకుండా దాచే రా ఫార్మాట్‌లో తీసి, ఎక్స్‌పోజర్ గ్రానైట్‌కు సరిపోయేలా కొంచెం తగ్గించి పెట్టుకుంటే నల్లరాయి వివరం తర్వాత పైకి తెచ్చుకోవచ్చు.

ఇక్కడే ఒక గట్టి మాట చెప్పాలి. చెక్కడం బాగా కనపడాలని రాళ్ల మీద నీళ్లు చల్లడం, శాసనం అక్షరాల్లో సుద్ద రాయడం, నాచును తాళంచెవితో గీకడం, ఇవేవీ చేయకండి. చేస్తున్నవాళ్లను నేను చూశాను, చూసినప్పుడల్లా కడుపు మండిపోయింది. ఏడెనిమిది వందల ఏళ్లు రెండు బతుకులు బతికిన రాయికి మన ఫొటో కోసం మూడో దెబ్బ ఎందుకు? గంట ఆగితే ఎండే ఆ పని చేసిపెడుతుంది.

ఖుష్ మహల్‌లో ఈ లెన్సు బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. తోరణాలకు పడమటి వైపున ఉన్న పొడుగాటి పెద్ద హాలు అది. లోపల అడ్డంగా వరసగా కమానులు, కోటలో దొరికిన శిల్పాలు కొన్ని అక్కడే పెట్టారు. దాని గోడలు కావాలనే వాలుగా కట్టినవి, కింద మందం, పైకి పోయే కొద్దీ లోపలికి వాలుతాయి. కెమెరా పైకి ఎత్తి తీస్తే మామూలు గోడలు కూడా అలాగే వాలినట్టు పడతాయి కదా, అందుకే ఇక్కడ పెద్ద తిరకాసు. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో ఆటో బటన్ నొక్కితే అది గోడలను నిటారుగా నిలబెట్టేస్తుంది, కట్టినవాడి వాలు మాయమైపోతుంది. కెమెరాను సమంగా పట్టుకుని, దూరం నుంచి తీయండి, ఆ ఆటో బటన్ జోలికి పోకండి. 24 ఎంఎంకు గీతల వంపు తక్కువే కాబట్టి సమంగా పట్టుకుంటే నిజమైన వాలు నిజంగానే వస్తుంది.

బలహీనత ఏంటంటే, ఈ లెన్సులో చేతి వణుకును సరిదిద్దే ఇమేజ్ స్టెబిలైజర్ లేదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ముందుగా అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. కాబట్టి హాలు లోపల నీడలో చేత్తోనే తీయాలి. నేను ఎఫ్/4, సెకనులో నలభయ్యో వంతు, ఐఎస్‌ఓ (వెలుతురు పట్టే సున్నితత్వం) 1600 దగ్గర మొదలుపెడతాను, సాయంత్రమైతే 3200కు పోతాను. మెడ బెల్టును ముందుకు లాగి బిగించి, ఊపిరి బిగబట్టి వరసగా మూడు తీస్తే ఒకటి పదునుగా వస్తుంది. ఎఫ్/2.8 ఉంది కదా అంటారేమో, ఉంది, కానీ పూర్తిగా తెరిస్తే మూలలు కాస్త నల్లబడతాయి, దగ్గరి ఫొటోల్లో ఫోకస్ పొర మరీ పల్చన అవుతుంది, అతుకుకు ఒక పక్క స్పష్టంగా ఉండి రెండో పక్క కరిగిపోతుంది. మన పనికి అది దండగ. స్టెబిలైజర్ ఉన్న 18-55 ఐఎస్ ఎస్‌టీఎం మీ దగ్గర ఇప్పటికే ఉంటే, ఒక్క చీకటి హాళ్ల కోసమైతే కొత్తగా దీన్ని కొనక్కర్లేదు, అది చాలు.

వేయిస్తంభాల గుడి సంగతి వేరు. 1163 నాటి గుడి, అందులోని కళ్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, మళ్లీ పేర్చి, 2024 మార్చిలో తెరిచారు. అక్కడ పాత రాయి తన గుడిలోకే తిరిగి వచ్చింది. పాతదీ కొత్తదీ కలిసే చోట రంగు తేడా, ఉలి పని తేడా చూడటానికి ఈ లెన్సు బాగుంటుంది. కానీ జనం ఎక్కువ, పూజలు జరుగుతుంటాయి, తొందరపడి ఎవరికీ అడ్డం పడకుండా పొద్దున్నే వెళ్లడం మంచిది.

రాళ్లే కాదు, కలప కూడా ఉంది. మన ఊళ్లలో పాత భవంతి ఇల్లు విప్పితే టేకు దూలాలు, దంతెలు (పైకప్పు కర్రలు), దర్వాజలు వృథా పోవు, ఇంకో ఇంటికి ఎక్కుతాయి. పరకాల వైపు ఒక ఊర్లో అలా కట్టుకున్న ఇంట్లో ఒక దూలం చూశాను. పాత ఇంట్లో దంతెలు దిగిన గాళ్లు (తొలిచిన గుంటలు) దాని పొడవునా వరసగా ఖాళీగా ఉన్నాయి, కొత్త దంతెలు వాటి పక్కన వేరే గాళ్లలో దిగాయి. ఒక కొస పొయ్యి పొగకు నల్లబడింది, రెండో కొసన పాత సున్నం, దాని కింద జాజు గీత. ఆ ఇల్లు ఎక్కడిదో, ఆ వంటగది ఎవరిదో దూలం మీద రాసే ఉంది. లోపల వెలుతురు కిటికీలోంచి వచ్చేదే. లెన్సు చిన్నది కాబట్టి ఇంటివాళ్లు బెదరలేదు, అది పెద్ద లాభం, పెద్ద లెన్సు చూస్తే పేపరోళ్లా, సర్వేవాళ్లా అని అనుమానపడతారు. ఆ ఇంటి అవ్వ ఒక్కటే షరతు పెట్టింది: "తీస్కో బిడ్డా, గని దండెం మీద బట్టలు ఆరేసినం, గవి రాకుంట తియ్యి." రాకుండానే తీశాను. తర్వాత ప్రింటు వేయించి ఇచ్చి వచ్చాను. మీరు కూడా ఇవ్వండి, ఫోన్‌లో పంపితే సరిపోదు, గోడకు పెట్టుకునేది కావాలి వాళ్లకు.

కొన్ని చిన్న విషయాలు. చాలా దగ్గరికి వెళ్లినప్పుడు లెన్సు నీడ, మన చేతి నీడ రాయి మీద పడుతుంది, ఎండ ఎటు నుంచి వస్తోందో దానికి అడ్డం లేని వైపు నిలబడండి. ఫోకస్ తిప్పేది ఎస్‌టీఎం అనే మోటార్ కాబట్టి మాన్యువల్ ఫోకస్ రింగు కెమెరా ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది, రింగు కూడా సన్నగా ఉంటుంది, పెద్ద వేళ్లవాళ్లకు మొదట్లో ఇబ్బంది. దగ్గరి ఫోకస్‌లో ముందు భాగం కొంచెం బయటికి వస్తుంది, కెమెరా ఆపేముందు దూరానికి ఫోకస్ చేసి లోపలికి పంపి ఆపండి. లెన్సు ముందు తగిలించే హుడ్ దీనితో పాటు రాదు, ఈఎస్-52 అనేది విడిగా కొనాలి, కొంటే మంచిదే, మెటల్‌ది, గోడకు తగిలినా ముందు అదే తగులుతుంది. ఇది ఈఎఫ్-ఎస్ లెన్సు, పెద్ద సెన్సార్ ఉన్న కానన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు ఎక్కదు. మిర్రర్‌లెస్ ఆర్ బాడీలకు అడాప్టర్‌తో ఎక్కుతుంది, ఫుల్ ఫ్రేమ్ ఆర్ బాడీ అయితే దానంతట అదే క్రాప్ చేసుకుంటుంది.

కొత్తది కొనే కంటే సెకండ్ హ్యాండ్ చూడమంటాను, డీఎస్‌ఎల్‌ఆర్ వదిలి మిర్రర్‌లెస్‌కు మారినవాళ్లు దీన్ని అమ్మేస్తున్నారు. కొనేముందు షాపులోనే కెమెరాకు తగిలించి, ఒక నోటును దగ్గరగా పెట్టి ఫోకస్ పడుతుందో లేదో చూడండి, ముందు భాగం బయటికి వచ్చి లోపలికి పోయేటప్పుడు ఎక్కడైనా అడ్డుకుంటోందేమో చెవి పెట్టి వినండి, ఫోన్ లైటు వేసి లోపల బూజు ఉందేమో వెనక నుంచి చూడండి. మన దగ్గర వానాకాలం తేమకు బ్యాగులో మూసిపెట్టిన లెన్సులకు బూజు పట్టడం మామూలే, చిన్న మచ్చ ఉన్నా వదిలేసి ఇంకోటి వెతుక్కోండి.